ఎర్రగీతలో పన్నెండు ఖాళీలు

నేను ఒక సీసపు దిమ్మను. బరువు కేజీ ముప్పావు, పొడవు జానెడు. ఆకారం తాబేలుకీ ఇస్త్రీపెట్టెకీ మధ్యస్థంగా ఉంటుంది. ముక్కు దగ్గర వంచిన ఇనుప కొక్కెం ఒకటి ఉంది. నన్ను చూసినవాళ్ళు మొదట అడిగేది "ఇదెందుకండీ?" అని. రెండోసారి అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. మా యజమాని మొదటిసారి చెప్పే జవాబుకే గంటన్నర పడుతుంది.

నేను క్లుప్తంగా చెబుతాను. పడవ వంపును ఉత్త చేత్తో గీస్తే గీత వణుకుతుంది. అందుకని ఒక సన్నటి చెక్కబద్దను కాగితం మీద కావలసినట్టు వంచి, అది మళ్ళీ తిన్నగా లేచిపోకుండా మాలాంటి దిమ్మలను వరసగా కూర్చోబెడతారు. మా కొక్కేలు బద్దను అదిమి పట్టుకుంటాయి. బద్ద అంచు వెంబడి పెన్సిలు పోనిస్తే పడవ ఒళ్ళు కాగితం మీదికి వస్తుంది. అందరూ బద్ద ఎంత అందంగా వంగిందో అంటారు, గీసిన చెయ్యి ఎంత గొప్పదో అంటారు. కదలకుండా కూర్చున్నవాళ్ళ గురించి ఎవరూ ఏమీ అనరు. మాకు ఆ పట్టింపు లేదు. సీసానికి ఓపిక ఎక్కువ.

మేము పన్నెండుమందిమి. తాళ్ళరేవులో పడవలు కట్టే ఓలేటి నూకరాజు మేస్త్రీ పాకలో ఒకే రోజున పుట్టాము. అంతకుముందు జన్మలో కోరంగి జాలర్ల పాత వలలకు అడుగున వేలాడే గుళ్ళుగా ఉండేవాళ్ళం. నూకరాజు ఆ గుళ్ళన్నీ బాణలిలో కరిగించి ఇసుక అచ్చుల్లో పోశాడు. నా వంతు వచ్చేసరికి ఇసుకలో తడి ఎక్కువైంది. సీసం చిటపటలాడి ఎగిరి నూకరాజు ముంజేతి మీద పడింది. ఆయన చేతిమీద మచ్చ, నా వీపుమీద గుంట అలా ఏర్పడ్డాయి. మిగతా పదకొండుమందిలో నన్ను గుర్తుపట్టడం దానివల్లే తేలిక.

మమ్మల్ని చేయించుకున్న మనిషి పేరు దువ్వూరి అనంతశయనం. పాలసముద్రం మీద పడుకునే దేవుడి పేరు. ఈయన మాత్రం పడవ ఎక్కితే చాలు, వాంతి చేసుకునేవారు. రేవులో కట్టేసిన పడవైనా సరే, గోదావరి రేవు దాటే పంటు అయినా సరే. తాను గీసిన ఒక్క పడవలోనూ ఆయన షికారు వెళ్ళలేదు. గట్టుమీద నిలబడి బైనాక్యులర్స్‌లో చూసేవారు.

విశాఖలో ఓడల డ్రాయింగు ఆఫీసులో ఆయన పదకొండేళ్ళు ఉద్యోగం చేశారు. ఆ పదకొండేళ్ళూ సరుకు ఓడల్లో మరుగుదొడ్ల గొట్టాలు గీశారు. పన్నెండో ఏట రాజీనామా ఇచ్చి కాకినాడ వచ్చేసి, జగన్నాథపురంలో మేడమీద రెండు గదుల ఇంట్లో, ముందుగదిని పూర్తిగా ఆక్రమించే బల్ల వేయించి, విజిటింగ్ కార్డులు అచ్చు వేయించారు. "స్వతంత్ర రేసు పడవల రూపశిల్పి" అని ఉండేది వాటిమీద. ఊళ్ళో వాళ్ళకు అందులో ఒక్క మాట మాత్రం అర్థమైంది. "రేసంటే పందేలు కడతారాండీ?" అని అడిగారు. లేదని చెప్పాక, వాళ్ళకు అందులో ఇక మిగిలిందేమీ కనబడలేదు.

అయినా పడవలు గీశారు. ముప్పైయొక్క ఏళ్ళలో నలభైమూడు. అందులో నీళ్ళలో దిగినవి తొమ్మిది. మొదట ఒక క్లబ్బు పిల్లలు నేర్చుకోవడానికి ఆరు చిన్న తెరచాప పడవలు కట్టించుకుంది. పోటీకి పెట్టే ప్రతి పడవకూ కొలతల ఫారం ఒకటి ఉంటుంది, అందులో డిజైనరు పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆ గడిలో వాళ్ళు "తెలియదు" అని రాశారు. తర్వాత పడమటి తీరంలో ఒకాయన కట్టించుకున్న పడవ కప్పు గెలిచింది. అది తన మామగారి కాలంనాటి విలాయతీ ప్లాను అని ఆ పెద్దమనిషి పేపరుకు చెప్పాడు. ఇంకొకటి పోటీకి వెళ్ళకుండానే చేతులు మారి, డీజిలు ఇంజను బిగించుకుని, ఐసు గడ్డలు మోసింది. మన తీరంలో ఐసు మోసిన పడవల్లో అంత వేగమైనది లేదని నూకరాజు ఇప్పటికీ అంటాడు. తొమ్మిదో దాని సంగతి చెప్పడానికే ఇదంతా.

ఇంటిని నడిపింది ఆయన భార్య సువర్చలగారు. మున్సిపల్ హైస్కూల్లో లెక్కల టీచరు. పొట్టిమనిషి, గొంతు మాత్రం ఆఖరి బెంచీ దాకా వెళుతుంది. ఒకసారి ఫ్యానుగాలికి జవాబుపత్రాలు ఎగిరిపోతున్నాయని నన్ను తీసుకువెళ్ళి వాటిమీద పెట్టారు. నేను లేచిన చోట బద్ద సడలింది. అనంతశయనంగారు వచ్చి చూసి వీధిలోకి వినబడేలా కేకలేశారు. "ఇంకోసారి ఈ బల్ల ముట్టుకున్నావంటే నేను మనిషిని కాను" అన్నారు. ఆవిడ నన్ను బల్లమీద ఠక్కున పెట్టి, మూడురోజులు మాట్లాడటం మానేసి, ఇరవై ఏళ్ళు ఆ బల్ల దుమ్ము తుడవడం మానేశారు. దుమ్ములో కూర్చోవడం మాకు అలవాటైపోయింది.

ఇప్పుడు ఒక రహస్యం చెప్పాలి. ఇది నాకూ ఆయనకూ మాత్రమే తెలిసినది.

నూకరాజు గొప్ప మేస్త్రీయే. కానీ సముద్రానికి పోయే పలక కాయితంలో ఉన్నదానికంటే ఒక మిల్లీమీటరు మందంగా ఉండాలని వాళ్ళ నాన్న చనిపోతూ చెప్పాడట. అందుకని పది అని రాస్తే పదకొండు చేస్తాడు. "కాయితంలో ఉన్నట్టే చెయ్యి నూకరాజూ" అని ప్రతిసారీ ఈయన చెబుతారు. "అలాగేనండి బాబుగారూ" అని ప్రతిసారీ అతనంటాడు. రెండు పడవలు బరువెక్కాక ఈయన ఒక ఉపాయం కనిపెట్టారు. పది కావలసిన చోట తొమ్మిది అని రాయడం మొదలుపెట్టారు. నూకరాజు పది చేసేవాడు. పడవ సరిగ్గా వచ్చేది. ఒకరికొకరు చెప్పుకోకుండా ఇద్దరూ ఇలా పాతికేళ్ళు హాయిగా ఉన్నారు.

తొమ్మిదో పడవ భీమవరం వైపు రొయ్యల చెరువుల రాజుగారొకాయన కట్టించుకున్నారు. కాకినాడ తీరంలో మొదటిసారిగా పెద్ద పోటీ పెడుతున్నారనీ, ఎనిమిది పడవలు వస్తున్నాయనీ, ఎనిమిదింటివీ విదేశీ డిజైన్లేననీ తెలిసి ఆయనకు పౌరుషం వచ్చింది. "మన పడవ ఒకటి ఉండాలండీ. ఫారంలో మీ పేరే రాయిస్తాను, ఆయ్" అన్నారు. అనంతశయనంగారు ఆ మాట విన్నాక వారంరోజులు మామూలుగానే ఉన్నట్టు నటించారు. స్నానాలగదిలో మాత్రం పాడుకునేవారు.

పడవ పేరు జలతారు. దాన్ని కట్టేటప్పుడు నూకరాజు మనసులో ఏం జరిగిందో అప్పట్లో ఎవరికీ తెలియదు. బాబుగారి పేరు పడే పడవ ఇదొక్కటే, ఈసారైనా ఆయన మాట నిలబెట్టాలి అనుకున్నాడు. చనిపోయిన తండ్రికి మనసులోనే దండం పెట్టుకుని, కాయితంలో తొమ్మిది ఉంటే తొమ్మిదే చేశాడు.

పోటీ ఆదివారం. ఆ పొద్దున మేము బల్లమీద పన్నెండుమందిమీ పనిలో ఉన్నాము. ఎవరూ అడగని పడవ ఒకటి ఆయన ఐదు నెలలుగా గీస్తున్నారు, కేవలం తన కోసం. ఆయన పద్ధతి ఏమిటంటే, వంపు కుదిరిందనిపించినా వెంటనే గీయరు. రోజూ పొద్దున్నే లేచి చూస్తారు. ఒక దిమ్మను వెంట్రుకవాసి జరుపుతారు. వరసగా ఏడురోజులు ఏ దిమ్మనూ జరపాలనిపించకపోతే అప్పుడు పెన్సిలు పడతారు. ఈ వంపుకు ఆరు రోజులయ్యాయి. ఆదివారం ఏడోరోజు. "ముప్పై ఏళ్ళలో ఇలాంటి వంపు రాలేదు సువర్చలా. సాయంత్రం రేవునుంచి రాగానే గీస్తాను" అని చెప్పి వెళ్ళారు.

ఏడున్నరకు ఫోను మోగింది. సువర్చలగారికి వినికిడి కొంచెం తగ్గింది కాబట్టి స్పీకరు పెట్టుకుంటారు. రేవులో జరిగిందంతా అలా మాకూ తెలిసింది.

జలతారును క్రేనుకు వేలాడదీసి తూచారట. ఉండవలసిన కనీస బరువుకన్నా ఇరవై కేజీల మూడువందల గ్రాములు తక్కువ వచ్చిందట. తేలికపడవ తొందరగా పోతుంది కాబట్టి అలా తగ్గితే ఒప్పుకోరు. తగ్గినంత బరువూ సీసంతో నింపి, అడుగున బోల్టులు వేసి బిగించాలి. తొమ్మిదింటికల్లా అది కాకపోతే ఫారం లేదు, పోటీ లేదు. ఆదివారం కాబట్టి కొట్లు తెరవలేదు. జాలర్లు వలలతో సహా తెల్లారకముందే సముద్రంలోకి వెళ్ళిపోయారు.

వెనకనుంచి నూకరాజు గొంతు వినబడుతోంది. "తొమ్మిది రాశారు కదండి బాబుగారూ! తొమ్మిదే సేశానండి! ఒట్టండి!"

"నువ్వెప్పుడూ పది చేస్తావు కదయ్యా!"

"అంటే... మీరు పది కావాలనే తొమ్మిదని రాస్తన్నారాండి?"

అనంతశయనంగారి గొంతు ఫోనుకు దగ్గరైంది.

"సువర్చలా," అన్నారు, "బల్లమీద దిమ్మలు పన్నెండూ సంచిలో వేసుకుని ఆటోలో వచ్చెయ్."

"పన్నెండూనా? మరి వంపండీ?"

మేము లేస్తే బద్ద తిన్నగా అయిపోతుందని అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే. పదకొండుమందిని పంపితే బరువు చాలదు. నాకు లెక్కలు రావు గానీ ఆవిడకు వచ్చు, ఆవిడ అడగలేదు.

"పోతే పోయింది. నువ్వు రా" అని పెట్టేశారు.

సువర్చలగారు కూరగాయల సంచులు రెండు తెచ్చి బల్ల దగ్గర నిలబడ్డారు. సంచిలో వెయ్యడానికి నా మీద చెయ్యి వేశారు, తీసేశారు. ఐదు నెలలు ఆయన ఆ కాగితం మీదికి వంగి ఉన్న సంగతి ఆవిడకు తెలుసు. భోజనానికి పిలిచి పిలిచి గొంతు పోయింది ఆవిడదే కదా. పెన్సిలు కోసం వెతికారు. ఆయన పెన్సిళ్ళు సొరుగులో పెట్టి తాళం వేసుకుంటారు. ఇరవై ఏళ్ళ కిందటి జవాబుపత్రాల గొడవ ఫలితం అది. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో దొరికింది ఎర్రసిరా పెన్ను. రిటైరై నాలుగేళ్ళయినా ఆ పెన్ను బ్యాగులో ఉంటుంది.

"కదలకండి" అన్నారు మాతో.

ముప్పైయొక్క ఏళ్ళలో మాతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే. మేము కదలలేదు. అది మాకు కష్టమైన పనేమీ కాదు. కానీ చెప్పించుకుని కదలకుండా ఉండటం వేరు. ఆ క్షణాన నాకు చాలా సంతోషం కలిగింది, ఇంత వయసొచ్చాక దాచుకోవడమెందుకు?

బల్ల గోడకు ఆనించి ఉంటుంది. ఆయన పొడగరి కాబట్టి ముందుకు వంగి బద్దకు అవతలి అంచు వెంబడి గీస్తారు. అదే పద్ధతి. ఆవిడ చెయ్యి అంతదూరం అందలేదు. ఇవతలి అంచు వెంబడి, మేము కూర్చున్న వైపు గీశారు. మా ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చినప్పుడు పెన్ను ఎత్తి, మమ్మల్ని దాటించి, మళ్ళీ ఆనించారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. బోర్డుమీద ముప్పైనాలుగేళ్ళు గీసిన చెయ్యి, వణకలేదు. తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ తీసి సంచిలో వేశారు. నేను చివరివాణ్ణి. నేను లేవగానే బద్ద టప్పుమని తిన్నగా అయిపోయి గోడకు కొట్టుకుంది. ఐదు నెలల పని ఆ చప్పుడుతో పోయింది. మిగిలింది ఎర్రగీత, అందులో మేమున్న చోట పన్నెండు ఖాళీలు.

ఎనిమిదీ పదికి రేవు చేరాము. కొలతల అధికారి తోట జాన్‌వెస్లీ విశాఖ కుర్రాడు, రూల్సు పుస్తకాన్ని చంకలోంచి దించని రకం. మమ్మల్ని తూచి, "ఇరవై ఒకటి. ఓకే సార్, కానీ రేసు తర్వాత ఇవి తీయడం కుదరదండి. ఈ పడవ ఉన్నన్నాళ్ళూ ఇందులోనే ఉండాలి" అన్నాడు.

అనంతశయనంగారు నన్ను చేతిలోకి తీసుకుని వీపుమీది గుంటను బొటనవేలితో రాశారు. ముప్పై ఏళ్ళుగా ఆలోచిస్తున్నప్పుడల్లా అలా రాసేవారు. తర్వాత నూకరాజుకు ఇచ్చేశారు. నూకరాజు మాకు ఒక్కొక్కరికీ నడుములో కన్నం పొడిచి, తెరచాప కొయ్య కింద, నేలపలకల అడుగున బోల్టులతో బిగించాడు. నొప్పి గురించి చెప్పను. బిగిస్తూ అతను ఏడుస్తున్నాడు. "నాన్న మాట ఇన్నా బాగుండును" అని గొణిగాడు.

పైన జాన్‌వెస్లీ ఫారం నింపుతున్నాడు. "డిజైనర్ పేరు సార్?" అని అడిగాడు. ఆ మనిషి ముప్పైయొక్క ఏళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న అది. "దువ్వూరి అనంతశయనం" అని చెప్పి, అక్షరం అక్షరం మళ్ళీ చెప్పి, రాసేదాకా కాగితం వైపే చూశారట. జలతారు తొమ్మిదింటిలో ఐదోదిగా వచ్చింది. మర్నాడు పేపర్లో చేపల ధరల పక్కన నాలుగు లైన్లు పడ్డాయి. మొదటి ముగ్గురి పేర్లే వేశారు. ఆయన ఫారాన్ని పది జెరాక్సులు తీయించారు.

ఇక్కడినుంచి నా జీవితం చీకట్లోనే. చేసే పని బరువుగా ఉండటం. ఏడాదికోసారి జాన్‌వెస్లీ వచ్చి పలక ఎత్తి, టార్చి వేసి, లెక్కపెట్టి, మూసేస్తాడు. బోల్టులు బిగించడానికి నూకరాజు వస్తాడు. అతను పనిలో ఉన్నంతసేపూ తనలో తాను మాట్లాడుకుంటాడు, నాకు లోకం కబుర్లు అలా తెలుస్తాయి.

ఆ ఆదివారం సాయంత్రం ఇంటికి వెళ్ళి ఎర్రగీత చూసి అనంతశయనంగారు కేకలెయ్యలేదట. "ఇది బద్దకు ఇవతల గీశావు. కాగితం మీద బద్ద మందమే తేడా, కానీ అసలు కొలతకు పెంచితే పడవ అటూ ఇటూ ఆరేసి సెంటీమీటర్లు సన్నబడిపోయింది" అన్నారట. "అంటే పనికిరాదా?" అని ఆవిడ అడిగితే, "లెక్కకట్టి చెబుతాను" అన్నారట. నలభై రోజులు లెక్క కట్టారు. దిమ్మలు లేవు కాబట్టి కిరాణాకొట్లో పాత తూకపురాళ్ళు తెచ్చి పెట్టుకున్నారట. అవి పని నేర్చుకున్నాయో లేదో నాకు తెలియదు, అడగను కూడా. చివరికి తేలిందేమిటంటే, మన కాకినాడ తీరంలో వీచే మెత్తటి గాలికి ఆ సన్నతనమే సరైనదట. "ఐదు నెలలు బాబుగారు తప్పు గీశారంటండి, అమ్మగారు రెండు నిమిషాల్లో దిద్దేశారంటండి" అని నూకరాజు బోల్టుతో చెప్పి నవ్వుకున్నాడు. ఆ గీతతో పడవ కట్టబోయేముందు, పలకలు ఎంత మందం అని ఈసారి నూకరాజే నోరు తెరిచి అడిగాడట. ఈయన నిజం చెప్పారట. పది రాసి పదే అన్నారు, అతను పదే చేశాడు.

మూడో ఏటి పోటీకి ఆ పడవ వచ్చి మా పక్కనే రేవులో నిలబడింది. పేరు ఎర్రసిరా. తూకం వేస్తే కనీస బరువుకు రెండువందల గ్రాములు ఎక్కువ. సీసం ఒక్క ముక్కైనా అక్కర్లేదు. నేను ఆ మాట విన్నాను.

"డిజైనర్ పేరు సార్?" అని జాన్‌వెస్లీ గొంతు.

"దువ్వూరి సువర్చల."

"మీకేమైనా పిచ్చాండీ?" అని ఆవిడ గొంతు రేవంతా వినబడింది. "నేను చేసిందేముంది? బద్ద పక్కన గీత గీశానంతే."

"ముప్పైమూడేళ్ళుగా నేను చేసిందీ అంతే" అన్నారాయన. "రాసుకో బాబూ."

కుర్రాడు రాసుకున్నాడు. ఈసారి ఆయన కాగితం వైపు చూశారో లేదో నాకు తెలియదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, మూసి, మళ్ళీ తీసిన చప్పుడు మాత్రం విన్నాను.

పోటీలో చివరి మలుపు దగ్గర ఎర్రసిరా మాకు ఎడమపక్కనుంచి వచ్చింది. పలకల అవతల నీళ్ళు చీరిన చప్పుడు ముందు మెల్లగా, తర్వాత దగ్గరగా వినబడి, ముందుకు వెళ్ళిపోయింది. ఆ ఒంటి వంపును ఆరు రోజులు నేను పట్టుకుని ఉన్నాను. చీకట్లో ఉన్నా గుర్తుపట్టాను. అది మొదట వచ్చింది, మేము రెండు.

ఆ సాయంత్రం పడవ అటూ ఇటూ ఊగింది. ఎవరో బరువుగా, భయంగా ఎక్కుతున్నారు. పలక లేచింది. టార్చి వెలుగులో అనంతశయనంగారి మొహం కనబడింది, అప్పటికే పచ్చబడి ఉంది. గట్టుమీదనుంచి సువర్చలగారు "మీకెందుకండీ ఆ సాహసం, దిగండి" అంటున్నారు. ఆయన చెయ్యి లోపలికి పెట్టి, తడుముకుని, నా వీపుమీది గుంట దగ్గర ఆగారు. ఎంతో కాలం నాతో గడిపిన ఆ మనిషి నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఆ గీతను ఫ్రేము కట్టించి గోడకు పెట్టించాను," అన్నారు. "పన్నెండు ఖాళీలూ అలాగే ఉన్నాయి. కలపలేదు."

ఆ తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడవ అంచు వైపు పరుగెత్తారు. పలక వెయ్యడం, వెలుగుతున్న టార్చి తీసుకోవడం మరిచిపోయారు. తెల్లారేదాకా మాకు వెలుతురు వచ్చింది.